పాటిమన్ను: ఖరగ్‌పూర్ డైరీ నుంచి కొన్ని పేజీలు

డిసెంబర్ 22, 2024, ఆదివారం

మలంచాలో మా ఇంటి పక్క స్థలంలో పునాదులు తీస్తున్నారు. పొద్దున్న పది దాటాక కూలీల్లో ఒకతను కేకేశాడు. వెళ్లి చూస్తే నడుంలోతు గోతిలో, ఎర్ర మొరంలో కూరుకుపోయి ఒక మట్టికుండ. మూతి పగిలింది. లోపల మన్ను బిగుసుకుపోయి ఉంది. అంత పాతదేం కాదు, గోల్‌బజార్‌లో ఇప్పటికీ దొరికే రకమే.

అమ్మ చేతికర్ర పట్టుకుని గుమ్మందాకా వచ్చింది. ఎనభయ్యారేళ్ళు. "ఒరే, దాన్ని కదపొద్దని సెప్పు. మళ్ళీ కప్పీమను" అంది.

"ఏమీ లేదమ్మా, లోపల మన్నే."

"మన్నే అవుద్ది గదరా. ఇంకేటవుద్ది?"

మధ్యాహ్నానికి కుండ ముక్కలయిపోయింది. సాయంత్రం అమ్మ టీ తాగలేదు.

డిసెంబర్ 23

రాత్రి అన్నాల దగ్గర అమ్మ తనంతట తనే చెప్పింది. నాకు ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని తెలుసు. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు. అరవయ్యారేళ్ళు వచ్చాయి నాకు, అడగలేదు.

1956 కార్తీకమాసం. నాన్న అప్పుడు వర్క్‌షాపులో ఖలాసీ. సౌత్ ఈస్టర్న్ రైల్వే అని పేరు మార్చి ఏడాదే అయింది. మావాళ్ళందరూ ఇంకా పాత పేరుతో బి.ఎన్.ఆర్. (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) అనే అనేవారు. పాపకి పద్దెనిమిదో రోజున జ్వరం, పందొమ్మిదో రోజున పోయింది. ఇరవయ్యొకటో రోజు బారసాల అనుకున్నారు గనక పేరు లేదు. పసిబిడ్డని కాల్చరు. నాన్న, లైనులోవాళ్ళు మరో ఇద్దరు కలిసి నింపురా యార్డు అవతలి బీడుకి తీసుకెళ్ళి పూడ్చి, పైన తుమ్మకంప కప్పి వచ్చారు. నాన్న స్నానం చేసి రాత్రి డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మకి పద్దెనిమిదేళ్ళు. ఆడవాళ్ళు వెళ్ళకూడదు.

"ఎక్కడని అడగలేదా?"

"అడిగేను. సాల్‌చెట్టు కింద అన్నాడు. ఆ బీడు నిండా సాల్‌చెట్లే."

డిసెంబర్ 25

స్కూటర్ మీద నింపురా వెళ్ళాను. యార్డు ఉంది, వ్యాగన్లు ఉన్నాయి. అవతల బీడు లేదు. ఇళ్ళు, ఒక గోడౌను, పిల్లలు క్రికెట్ ఆడుతున్న మైదానం. సాల్‌చెట్లు మూడు కనిపించాయి, మూడూ అంత వయసువి కావు. మైదానం గట్టు మీద కాసేపు కూచుని వచ్చేశాను. అమ్మకి చెప్పలేదు. అమ్మ అడగలేదు.

డిసెంబర్ 29, ఆదివారం

వర్క్‌షాపులో నాతో పాతికేళ్ళు పనిచేసిన ముండా స్నేహితుడు వచ్చాడు. చక్రధర్‌పూర్ అవతల వాళ్ళ ఊరు. రిటైరయ్యాక అక్కడికే వెళ్ళిపోయాడు, కూతురింటికి వచ్చినప్పుడల్లా నన్ను చూసి వెళతాడు. అమ్మ చెప్పినదంతా అతనికి చెప్పాను.

అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత తన ఊరి సంగతి చెప్పాడు. వాళ్ళలో మనిషి పోయాక దహనం చేసి, మిగిలిన ఎముకలు కుండలో దాచి, ఒక రోజు చూసుకుని తమ కిలీ, అంటే వంశం, రాయి కింద పెడతారట. ఆ పని పేరు జంగ్‌టోపా. ఆ రాయి పేరు శాసన్‌దిరి. దిరి అంటే రాయి. శాసన్ అంటే పూర్వీకులు ఉన్న చోటు. తెలుగు చెవికి ముందు శాసనం అనే వినపడింది. వాళ్ళ మాటకీ మన మాటకీ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చాలి. అర్థంలో మాత్రం ఆ రాయి శాసనమే. బ్రిటిషువాళ్ళ కాలంలో జమీందార్లు ముండాల భూములు లాక్కుంటున్నప్పుడు, మీకు పట్టాలేవీ అని అడిగితే, వాళ్ళు ఈ రాళ్ళనే చూపించారు. మా తాతలు వీటికింద ఉన్నారు, కనక ఈ నేల మాది అన్నారు. రాంచీలో వకీలుగా ఉండి ముండాల తరఫున నిలబడ్డ శరత్ చంద్ర రాయ్ 1912లో వాళ్ళ గురించి పెద్ద పుస్తకమే రాశాడు.

రాంచీ జిల్లాలో చోకాహాతు అనే ఊరుంది. ఏడెకరాల నేలలో ఏడు వేలకు పైగా రాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయని 1870ల్లో డాల్టన్ దొర ఆసియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ ఊళ్ళో ముండాలు ఇప్పటికీ తమవాళ్ళని అక్కడికే చేరుస్తారు. ఎన్ని వందల ఏళ్ళ శ్మశానమో, ఇంకా మూతపడలేదు.

వెళుతూ అతను నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "మీరు క్వార్టర్‌లో పుట్టి, క్వార్టర్‌లో పెరిగి, తాళంచెవి అప్పజెప్పి బయటికొచ్చారు భాయ్. మీ రాయి ఎక్కడ?"

డిసెంబర్ 30

ఆ మాట వదలటం లేదు.

మావాళ్ళు ఇక్కడికి వచ్చి నూట ఇరవై ఏళ్ళు దాటింది. 1900కి అటూ ఇటూ రైలూ వర్క్‌షాపూ వచ్చాయి, వాటితో పాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి జనం వచ్చారు. మథురాకాఠీ, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ లైన్లన్నీ తెలుగుతో నిండాయి. ఎండాకాలంలో మాతాపూజ వస్తే ఊరు ఊరంతా అమ్మవారి ఘటాల వెంట నడుస్తుంది. అయినా మా ఇళ్ళు మావి కావు. ఇంటి నంబరు రైల్వేది. నాన్న బూడిద కాసాయి నదిలో కలిసింది. నది ఎవరికీ పట్టా ఇవ్వదు.

జనవరి 2, 2025

కోల్‌కతాలో కొన్న పాత పుస్తకాలు మళ్ళీ తీశాను. ఈ రాష్ట్రంలో మనుషుల్ని పాతిపెట్టిన అతి పాత దిబ్బ ఏదని చూస్తే ముందు వచ్చే పేరు పాండు రాజార్ ఢిబి. పూర్బ బర్ధమాన్ జిల్లాలో అజయ్ నది దక్షిణపు ఒడ్డున, పాండుక్ ఊరి దగ్గర. 1954 ప్రాంతంలో బి.బి. లాల్ గుర్తించాడు. 1962 నుంచి 1965 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ పరేశ్ చంద్ర దాస్‌గుప్తా ఆధ్వర్యంలో తవ్వింది. 1985లో మరోసారి తవ్వారు.

ఢిబి. దిబ్బ. పైకి చదువుకున్నాను. అమ్మ పక్కగదిలోంచి "ఏ దిబ్బరా?" అంది.

మన వైపు రైతులకి ఈ సంగతి కొత్త కాదు. పూర్వం ఊరుండి పాడుపడ్డ చోటుని పాటిదిబ్బ అంటారు. పాటిమన్ను చేలకి బలమని బళ్ళకెత్తి తోలేవారు. తాతయ్య నరసన్నపేట దగ్గర చేలకి అలా తోలాడని నాన్న చెప్పేవాడు. ఇన్ని తరాలు బతికి, వండుకుని, పోయిన మనుషుల బూడిదా ఎముకలూ పేడా కలిసి ఆ మన్నుకి బలం వస్తుంది. అందులో పెంకులు వస్తే ఏరి గట్టు మీద పడేసేవారట.

జనవరి 4

నవీన శిలాయుగం అంటే ఏమిటో మనవడికి చెప్పాల్సి వచ్చింది. రాయిని చెక్కడమే కాక నున్నగా అరగదీసి గొడ్డళ్ళు చేసుకోవడం, పశువుల్ని సాకడం, పంట వేయడం, ఒకచోట ఇల్లు కట్టుకుని ఉండిపోవడం. ఈ చివరిది అన్నిటికన్నా పెద్దదని నాకనిపిస్తుంది. ఉండిపోయినవాడికే చచ్చిపోయినవాళ్ళని ఎక్కడ పెట్టాలనే ప్రశ్న వస్తుంది. తిరిగేవాడు దారిలో వదిలి నడుస్తాడు.

మనవడు ఫోన్‌లో ఐర్లండ్ దేశపు న్యూగ్రేంజ్ చూపించాడు. ఐదు వేల ఏళ్ళ కిందటి సమాధి దిబ్బ, ఎనభై మీటర్లకు పైగా అడ్డం. ఏడాదిలో అతి చిన్న పగలు వచ్చే రోజుల్లో సూర్యోదయపు వెలుగు సన్నటి దారి గుండా లోపలి గదిలోకి పడేలా కట్టారు. చూసి ఆశ్చర్యపోయాను. అక్కడ చచ్చిపోయినవాళ్ళ కోసం దిబ్బ పేర్చారు. మన దగ్గర అలా కాదు. ఊరే దిబ్బ అవుతుంది. ఇంటి మీద ఇల్లు, నేల మీద నేల వేసుకుంటూ పోతే ఊరు పైకి లేస్తుంది, చనిపోయినవాళ్ళు ఆ నేలల మధ్యలో ఉంటారు. బళ్ళారి వైపు టెక్కలకోటలో పిల్లల్ని కుండల్లో పెట్టి పాతారు. ఇంట్లో కాళ్ళకింద, పొయ్యికి దగ్గరగా ఇలాంటి కుండలు దొరికిన పాత ఊళ్ళు దక్కన్‌లో చాలా ఉన్నాయి.

అమ్మకి ఈ మాట చెప్పాను. "ఇంట్లోనా?" అంది. కాసేపాగి, "మంచి పనే సేసేరు" అంది.

జనవరి 10, కోల్‌కతా

బెహాలాలోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం. అద్దాల వెనక పాండు రాజార్ ఢిబి కుండలు. లోపల నలుపు, పైన ఎరుపు. కొన్నిటి మీద తెల్లరంగు గీతలు. కాలువలాంటి పొడుగాటి కొమ్ము ఉన్న గిన్నె దగ్గర నిలబడిపోయాను. అచ్చం ఉగ్గుగిన్నె ఆకారం. ఇది పెద్దది, దీనితో పసిపిల్లలకి ఉగ్గు పోశారని నేననను. కానీ మా అక్కకి కొన్న వెండి ఉగ్గుగిన్నెతోనే నాకూ పాలు పట్టారని మొన్ననే తెలిసింది.

జనవరి 13, భోగి

తెల్లవారుజామున వీధి చివర మంట వేశారు. పిల్లలు పిడకల దండలు తెచ్చారు. పొగమంచులో మంట ఎర్రగా కనపడుతుంటే ఊట్నూరు గుర్తొచ్చింది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో బూడిద దిబ్బ. 1957లో రేమండ్ అల్చిన్ తవ్వాడు. అగ్నిపర్వతం బూడిదేమో, ఇనుము కరిగించిన చిట్టెమేమో అని దొరలు వందేళ్ళు వాదించుకున్నారు. అల్చిన్ తవ్వి చూపించినది పశువుల దొడ్డి: తాటిదుంగల కంచె, లోపల పేరుకున్న పేడ, దాన్ని మళ్ళీ మళ్ళీ కాల్చిన పొరలు. ఒక పొర మీద ఆవుల గిట్టల అచ్చులు అలాగే నిలిచిపోయి ఉన్నాయి. ఆ మంటలు మన సంక్రాంతి, హోళీ మంటల వంటివేమోనని అల్చిన్ ఆలోచించాడు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందట పేడ కుప్పకి నిప్పు పెట్టి చుట్టూ నిలబడ్డవాళ్ళని ఊహించుకోవడం ఈ పొద్దున నాకేమీ కష్టం కాలేదు.

జనవరి 14, పెద్దపండగ

మా వైపు ఇది పెద్దల పండగ. పీట మీద నాన్న ఫొటో, పంచె, తాతయ్యకి తువ్వాలు, నాన్నమ్మకి చీర. అరిసెలు, బూరెలు, పప్పు, అన్నం. అంతా అయ్యాక అమ్మ తన ట్రంకుపెట్టెలోంచి చిన్న గౌను తీసింది. మొన్న కోడలి చేత గోల్‌బజార్‌లో కొనిపించిందట. పసుపు రంగు గౌను. మూల కాస్త పసుపు రాసి పీట మీద చివర పెట్టింది.

అరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

ఎవరం ఏమీ అనలేదు. కొబ్బరికాయ కొట్టాను.

జనవరి 18

రేపు పాండు రాజార్ ఢిబికి బయల్దేరుతున్నాం. నేను, బావమరిది. అమ్మ ఒక చిన్న గుడ్డలో గుప్పెడు బియ్యం కట్టి ఇచ్చింది.

"ఆ దిబ్బ కాడ ఎయ్యి."

"వాళ్ళు మనవాళ్ళు కాదమ్మా."

"వోళ్ళు అన్నం తినీవోరా?"

తినేవారు. ఆ దిబ్బ అడుగు పొరలో చేత్తో చేసిన కుండల మట్టిలో వరి ఊక ఆనవాళ్ళు ఉన్నాయి. మన కుమ్మర్లు మట్టిలో ఊక కలిపినట్టే. "తినేవారే" అన్నాను.

"మరింకేటి" అంది.

జనవరి 19, ఆదివారం

తెల్లవారకుండా హౌరా లోకల్. హౌరాలో బోల్‌పూర్ వైపు బండి పట్టుకుని గుస్కరాలో దిగాం. అక్కడి నుంచి టోటో, అంటే బ్యాటరీ రిక్షా. రోడ్డుకి రెండు వైపులా ఆవచేలు పచ్చగా పూశాయి, బంగాళదుంప చేలల్లో ఆడవాళ్ళు వంగి పనిచేస్తున్నారు, ఈతచెట్లకి ముంతలు కట్టి ఉన్నాయి. ఇది నొలెన్ గుడ్ కాలం. దారిలో ఆగి మట్టిగిన్నెలో ఆ బెల్లం వేసిన పాయసం తిన్నాం. నది అవతల జయదేవ్ కెందులి సంక్రాంతి జాతర ముగిసి జనం తిరిగి వెళుతున్నారు. ఒక ట్రక్కులో బౌల్ గాయకుడు ఏక్‌తారా ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతున్నాడు.

దిబ్బ దూరం నుంచి దిబ్బలా కనపడదు. చేలమధ్య నేల మెల్లగా పైకి ఉబ్బినట్టు ఉంటుంది. దగ్గరికి వెళ్ళాక బోర్డు, గడ్డి, చెట్లు. దాదాపు 200 మీటర్ల పొడవు, 170 వెడల్పు, ఐదు మీటర్ల ఎత్తు అని పుస్తకంలో ఉంది. ఎక్కుతుంటే మోకాళ్ళకి ఆ ఎత్తు తెలియలేదు. పైకెక్కి వెనక్కి తిరిగితే తెలిసింది. చేలన్నీ కిందికి పోయాయి, నది వైపు గాలి వచ్చింది. వరదలొచ్చే నది పక్కన ఉండేవాళ్ళు ఈ ఎత్తుకోసమే తరతరాలు ఇక్కడే ఇల్లు మీద ఇల్లు కట్టి ఉంటారు.

తవ్వకాల గోతులు ఇప్పుడు లేవు, పూడ్చేశారు. కానీ చదివినది కాళ్ళకింద ఉందని తెలుసు. మట్టి దిమ్మిసా చేసిన నేలలు. రాగి వస్తువులు, రాతి పనిముట్లు. పై పొరల్లో ఇనుము. మధ్య పొరల్లో మనుషులు. మూడు తీరులుగా ఉన్నారు. కొందరు నిండు శరీరంతో వెల్లకిలా. కొందరివి ఏరి తెచ్చిన కొన్ని ఎముకలు మాత్రమే. కొందరు కుండల్లో. ఆ పొర బొగ్గుని పరీక్షిస్తే క్రీస్తుకు పూర్వం 1000 ప్రాంతమని తేలింది. పూర్తి నవీన శిలాయుగం అనకూడదు, రాగిరాతి యుగం అనాలి. ఈ జిల్లాలకి రాయి ఒక్కరోజులో పోయి రాగి రాలేదు, రెండూ చాలాకాలం ఒకే చేతిలో ఉన్నాయి.

ఒక ఊళ్ళో, ఒక కాలంలో, మూడు పద్ధతులు ఎందుకు? బావమరిది అడిగాడు. నేను ఆలోచిస్తూ ఖరగ్‌పూర్ తలుచుకున్నాను. మాలో పెద్దవాళ్ళని దహనం చేస్తారు, పసివాళ్ళని పాతుతారు, కొన్ని కులాల్లో అందరినీ పాతుతారు. అందరం ఒకే లైనులో ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకున్నాం. వయసుని బట్టో, వంశాన్ని బట్టో, ఎక్కడో దూరాన చనిపోతే ఎముకలు మాత్రం ఇంటికి తెచ్చో, ఈ దిబ్బ మీదా అలాగే జరిగి ఉండాలి. నా నమ్మకం ఇది.

మేకలు కాస్తున్న ముసలాయన వచ్చి పలకరించాడు. "ఎక్కడి నుంచి దాదా?" ఖరగ్‌పూర్ అన్నాను. మద్రాసీలా అన్నాడు. తెలుగువాళ్ళం, పుట్టింది ఇక్కడే అన్నాను. ఆయన ఈ దిబ్బ పాండురాజు కోట అన్నాడు. చిన్నతనంలో తవ్వకం చూశాడట, వాళ్ళ నాన్న కూలికి వెళ్ళాడట. "ఎముకలు బయటపడ్డ రోజు నాన్న ఇంటికొచ్చి అన్నం తినలేదు. అమ్మ వారం రోజులు దిబ్బవైపు దీపం పెట్టింది" అన్నాడు.

పాండురాజు. మన తెలుగు పల్లెల్లోనూ పాత రాతిగూళ్ళని పాండవుల గుళ్ళనో, రాక్షస గుళ్ళనో అంటారు. మలబారులో వీటినే పాండు కుళి అన్నారని 1823లోనే బాబింగ్టన్ అనే దొర రాశాడు. పేరు తెలియని పెద్దలు ఎక్కడున్నా మన జనం పాండవుల పేరే పెట్టారు. తండ్రి చచ్చి, ఇల్లు కాలి, అడవులు పట్టి తిరిగినవాళ్ళ పేరు. ఆ పెట్టడంలో ఒక మర్యాద ఉంది. ఊరూ పేరూ లేనివాళ్ళని కూడా వీధిన వదలకుండా ఒక ఇంటివాళ్ళని చేశారు.

గడ్డిలో ఒక పెంకు కనపడింది. బొటనవేలంత. ఒకవైపు నలుపు, ఒకవైపు ఎరుపు. అరచేతిలో పెట్టుకున్నాను. ఎండకి వెచ్చగా ఉంది. బావమరిది జేబులో వేసుకోమన్నాడు. ఎక్కడ తీశానో అక్కడే పెట్టాను. ఒక్కొక్కరు ఒక్కో పెంకు తీసుకెళితే దిబ్బ ఏమవుతుందో పాటిమన్ను తోలినవాళ్ళ మనవడికి చెప్పక్కర్లేదు.

దిగేటప్పుడు, దిబ్బ హద్దు దాటాక, చేలగట్టు మీద అమ్మ ఇచ్చిన బియ్యం చల్లాను. మేకలు వచ్చి తిన్నాయి. ముసలాయన వాటిని అదిలించబోయి, నా మొహం చూసి ఆగాడు.

జనవరి 20

పుస్తకం తిరగేస్తూంటే ఇనాంగావ్ వచ్చింది. పుణే జిల్లాలో ఘోడ్ నది ఒడ్డున రాగిరాతి యుగం ఊరు. దక్కన్ కాలేజీవాళ్ళు 1968 నుంచి 1982 దాకా తవ్వారు. చాలామంది పెద్దవాళ్ళ అస్థిపంజరాలకి పాదాలు లేవు. పూడ్చేముందు నరికారు. చనిపోయినవాళ్ళు ఇల్లు విడిచి నడిచిపోకుండా అలా చేశారేమోనని తవ్వినవాళ్ళు అనుకున్నారు. పిల్లల్ని మాత్రం రెండు కుండలు మూతికి మూతి ఆనించి, మధ్యలో పడుకోబెట్టి, ఇంటి నేలకింద ఉంచారు. పిల్లల పాదాలు ముట్టుకోలేదు.

పందొమ్మిది రోజుల పిల్ల ఎక్కడికి నడుస్తుంది!

ఈ సంగతి అమ్మకి చెప్పలేదు.

జనవరి 27

చలి తగ్గింది. అమ్మకి దగ్గు.

ఫిబ్రవరి 9, ఆదివారం, ఆమదాలవలస

పెళ్ళికి వచ్చాం. బండి దాంతన్ దాటేటప్పుడు మొగల్‌మారి వైపు చూశాను. అదీ దిబ్బే, సఖీసోనా దిబ్బ అనేవారు. కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి అశోక్ దత్తా 2003లో తవ్వడం మొదలుపెడితే లోపల బౌద్ధ విహారం బయటపడింది. నాన్న ఏడాదికోసారి ఊరెళ్ళేటప్పుడు ఈ పక్కనుంచే వెళ్ళాడు, వచ్చాడు. అప్పటికి దాని మీద గడ్డే.

మధ్యాహ్నం తీరిక చేసుకుని దన్నానపేట వెళ్ళాం. ఇక్కడ రాతిగూడు ఒకటుంది. కింద చిన్న రాళ్ళు, పైన ఒకే ఒక్క బండ, ముప్పై అడుగులకి మించిన పొడవు. ఇది నవీన శిలాయుగానికి తరవాతిది, ఇనుము తెలిసినవాళ్ళది. ఇంత బండని ఎంతమంది ఎత్తారో, ఎన్ని రోజులు పట్టిందో. చచ్చిపోయినవాడి కోసం ఊరంతా ఒక చెయ్యి వేస్తే తప్ప ఇది లేవదు.

నాన్న పుట్టిన ఊరు ఇక్కడికి ఎంతో దూరం లేదు. ఇలాంటి బండలున్న నేల విడిచి, మొరం నేలలో తన మొదటి బిడ్డని తుమ్మకంప కింద ఉంచాడు. మాటైనా చెప్పకుండా నలభై రెండేళ్ళు మోసి, 1998లో పోయాడు. ఆ రాత్రి డ్యూటీకి ఎందుకు వెళ్ళాడని మొన్నటిదాకా నాకు కోపంగా ఉంది. ఈరోజు ఆ బండ నీడలో కూచున్నాక లేదు. చెయ్యి వేసేవాళ్ళు ఇద్దరే ఉన్నారు అతనికి.

ఫిబ్రవరి 16, ఆదివారం, ఖరగ్‌పూర్

అమ్మని స్కూటర్ మీద కాదు, టోటోలో కూచోబెట్టి నింపురా తీసుకెళ్ళాను. యార్డు అవతల మైదానం గట్టు మీద టోటో ఆపాం. అమ్మ దిగలేదు. అటూ ఇటూ చూసింది. ఉన్న మూడు చెట్లలో ఎడమవైపుది చూసి "అదే అనుకో" అంది.

"ఆ చెట్టుకి అంత వయసు లేదమ్మా."

"దాని తల్లి ఉండీది గదా."

ఇంటికొచ్చాక ఒక నోట్‌బుక్ కొన్నాను. వీధిలో ఎనభై దాటినవాళ్ళు ఐదుగురు ఉన్నారు. సాయంత్రం ముగ్గురి దగ్గరికి వెళ్ళాను. ముగ్గురూ చెప్పారు. ఒకావిడకి ఇద్దరు పిల్లలు, 1962లో ఒకరు, 1965లో ఒకరు. ఒకాయన తమ్ముడు, కలరా. ఇంకొకాయన తల్లి, ప్రసవంలో. ఎక్కడ పూడ్చారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో గుర్తు చెప్పారు: నీళ్ళ ట్యాంకు, పాత కేబిన్, ఎర్రగట్టు. ఇప్పుడు అవేవీ లేవు. చెప్పే మనుషులు ఉన్నారు, ఇంకా ఐదేళ్ళో పదేళ్ళో.

ఖరగ్‌పూర్‌లోనో, టాటానగర్‌లోనో, చక్రధర్‌పూర్‌లోనో రైలు కట్ట పక్కన పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు ఈ పేజీ చదివితే ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్ళని ఈ రాత్రే అడగండి. ఈ ఊరి మట్టిలో మీ ఇంటి నుంచి ముందు ఎవరు చేరారో, ఏ ఏడో, ఏ చెట్టు దగ్గరో రాసి ఉంచండి. పేరు పెట్టకముందే పోయినవాళ్ళని కూడా రాయండి.

నా పుస్తకంలో మొదటి వరస ఇది:

పాప. 1956 కార్తీకం. వయసు 19 రోజులు. నింపురా యార్డు అవతల, సాల్‌చెట్టు కింద.